తీపి ఒక్కటేనా, కలిపిందా? సాక్రిన్ నుంచి స్టీవియా దాకా

మోపిదేవి నుంచి మాట్లాడుతున్నాను. ఉయ్యూరులో, చల్లపల్లి దగ్గర లక్ష్మీపురంలో పంచదార ఫ్యాక్టరీలు వెలిసిన చెరకు నేల ఇది. ఇప్పుడు ఇక్కడి కుర్రాళ్లు కూడా ఫోన్‌లో వెతుకుతున్నారు: "నాన్నకి షుగర్. ప్యూర్ స్టీవియా కొనాలా, మిక్స్ కొనాలా?" దీనికి జవాబు చరిత్రలో ఉంది.

1879లో అమెరికాలో ఫాల్‌బర్గ్ అనే రసాయన శాస్త్రవేత్త ల్యాబ్ నుంచి వచ్చి భోజనానికి కూర్చుంటే చేతికి తీపి తగిలింది. అదే సాక్రిన్. పంచదార కంటే దాదాపు 300 రెట్లు తీపి. కానీ మింగాక నాలుక మీద చేదు. 1937లో సైక్లమేట్ దొరికింది. పది వంతుల సైక్లమేట్‌కి ఒక వంతు సాక్రిన్ కలిపితే ఆ చేదు తెలీదు. అలా మిక్స్ మొదలైంది. అమెరికా డైట్ డ్రింకుల్లోకీ పాకింది.

1969లో దెబ్బ తగిలింది. ఎలుకలకి ఈ పది-ఒకటి మిశ్రమాన్నే భారీ మోతాదులో పెడితే మూత్రాశయంలో గడ్డలు వచ్చాయి. అమెరికా సైక్లమేట్‌ని నిషేధించింది. చూడండి, ఎలుకలు తిన్నది రెండూ కలిపిందే! తప్పు ఎవరిది? ఆ వాదన ఏళ్ల తరబడి నడిచింది. యూరప్‌లో సైక్లమేట్ ఇప్పటికీ వాడుతున్నారు. కలిపి అమ్మితే వచ్చే మొదటి చిక్కు ఇదే.

రెండో చిక్కు మన వంటింట్లోది. 1976లో లండన్‌లో మన శశికాంత్ ఫడ్నిస్, "టెస్ట్" చెయ్యమంటే "టేస్ట్" అనుకుని నాలుక మీద వేసుకున్నాడు. సుక్రలోజ్ దొరికింది. 600 రెట్లు తీపి! చెంచా పంచదారకి బదులు కొన్ని మిల్లీగ్రాములు చాలు. అంత తక్కువ చేత్తో కొలవలేం కదా? అందుకే ప్యాకెట్ నిండటానికి మాల్టోడెక్స్‌ట్రిన్ లాంటి పొడి కలుపుతారు. అది పిండి పదార్థమే. గ్రాముకి 4 కేలరీలు, అచ్చం పంచదార లాగే. టీలో ఒక ప్యాకెట్ అయితే లెక్కలోకి రాదు. పాయసంలో కప్పు పోస్తే మాత్రం లెక్కే.

అందుకే నా మాట ఇది. టీకి, కాఫీకి ఏమీ కలపని చుక్కలు చాలు. బందరు లడ్డు లాంటి వాటికి అవి పనికిరావు. చిటికెడు స్టీవియాతో పాకం రాదు, ఉండ కట్టదు. అక్కడ మిక్స్ తప్పదు. అయితే ఏం కలిపారో చూడండి. డబ్బా మీద 955 అంటే సుక్రలోజ్, 960 స్టీవియా, 968 ఎరిత్రిటాల్. పదార్థాల్లో ముందు రాసిందే ఎక్కువ ఉన్నట్టు. ముందు "స్టీవియా" అని పెద్దక్షరాల్లో వేసి, వెనక లిస్టులో మొదట మాల్టోడెక్స్‌ట్రిన్ ఉంటే, మీరు కొంటున్నది ఎక్కువగా ఆ పొడినే.

ఇంకోటి. బరువు తగ్గడానికి ఇలాంటి స్వీటెనర్లు వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్లకి ఆ సూచన వర్తించదు. వాళ్లు డాక్టర్‌ని అడగాలి. ఇక "షుగర్ ఫ్రీ" లడ్డులో కూడా శనగపిండి, నెయ్యి ఎక్కడికీ పోవు. నాన్నగారికి పెట్టేటప్పుడు అవీ లెక్కపెట్టండి.