జేబులో జెండాలు

2010 సెప్టెంబరులో అమెరికాలోని రెడ్‌మండ్‌లో, మైక్రోసాఫ్ట్ కార్యాలయాల ఆవరణలో ఓ శవయాత్ర సాగింది. నిలువెత్తు ఐఫోన్ బొమ్మను, బ్లాక్‌బెర్రీ బొమ్మను శవాల్లా మోస్తూ కంపెనీ ఉద్యోగులే ఊరేగారు. శవవాహనాలు కూడా తెచ్చారు. విండోస్ ఫోన్ 7 సాఫ్ట్‌వేర్ సిద్ధమైన సందర్భంగా చేసుకున్న పండగ అది. ప్రత్యర్థుల పని ఇక అయిపోయిందని చాటడమే దాని ఉద్దేశం.

అయిదేళ్ళు తిరక్కుండానే లెక్క తారుమారైంది. నోకియా ఫోన్ల వ్యాపారాన్ని 720 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించిన మైక్రోసాఫ్ట్, 2015 జులైలో దాదాపు 760 కోట్ల డాలర్లను నష్టం కింద రాసేసుకుంది. 7,800 ఉద్యోగాలు పోయాయి. అప్పటికి కంపెనీ పగ్గాలు హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ళ చేతిలో ఉన్నాయి. నోకియాను కొనాలా వద్దా అని అడిగినప్పుడు తాను వద్దనే చెప్పానని ఆయన తర్వాత తన పుస్తకంలో రాశారు. విండోస్ ఫోన్ కనుమరుగైంది, పాడె ఎక్కించిన ఐఫోన్ బతికింది. కానీ ఆ ఊరేగింపులో కనిపించిన మనస్తత్వం రెడ్‌మండ్ దాటి, సముద్రాలు దాటి, మన కాలేజీ హాస్టళ్ళ దాకా వచ్చింది. చేతిలోని ఫోన్ ఓ పక్షానికి గుర్తుగా మారిపోయింది.

ఎప్పుడూ ఇలాగే ఉండేది కాదు. 2003లో వచ్చిన నోకియా 1100 ప్రపంచవ్యాప్తంగా 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. టార్చిలైటున్న ఆ ఫోన్‌ను రైతూ కొన్నాడు, రైల్వే గ్యాంగ్‌మనూ కొన్నాడు. నచ్చకపోతే సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేసుకుంటే సరిపోయేది. సిమ్‌లో ఉన్న నెంబర్లు దానితోపాటే వచ్చేవి. ఒక కంపెనీని వదిలి ఇంకో కంపెనీకి మారడానికి ఖర్చు లేనప్పుడు పక్షాలు కట్టాల్సిన అవసరమూ లేదు.

ఆ సౌలభ్యం 2008 నుంచి తగ్గుతూ వచ్చింది. ఆ ఏడాది జులైలో ఆపిల్ తన యాప్ స్టోర్ తెరిచింది, అక్టోబరులో తొలి ఆండ్రాయిడ్ ఫోన్ అమెరికా మార్కెట్లోకి వచ్చింది. అప్పటి నుంచి కొన్న యాప్‌లు, దాచుకున్న ఫొటోలు, అలవాటైన మీటలు, చార్జర్లు అన్నీ ఒక గుంజకు కట్టేసినట్టయింది. అటు వెళ్తే ఇటు పెట్టిన డబ్బు వృథా. కాబట్టి తాను ఎంచుకున్నదే మంచిదని నలుగురికీ, ముందుగా తనకు తాను చెప్పుకోవాల్సి వచ్చింది. సినిమా హీరో అభిమానికి ఒక సినిమా పోతే పోయేది టికెట్టు డబ్బులే. ఫోన్ అభిమాని నెల జీతం పోసి, లేదంటే ఏడాది పాటు వాయిదాలు కడుతూ కొంటాడు. ఆ ఫోన్‌ను ఎవరైనా చెత్త అంటే అది అతని తెలివిని అన్నట్టే ఉంటుంది.

ఐఫోన్, ఆండ్రాయిడ్ వైరం నిజానికి స్నేహంతో మొదలైంది. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్‌లో మ్యాపులూ యూట్యూబూ గూగుల్‌వే. గూగుల్ అధిపతి ఎరిక్ ష్మిట్ 2006 నుంచి ఆపిల్ డైరెక్టర్ల బోర్డులో సభ్యుడు. గూగుల్ సొంతంగా ఫోన్ సాఫ్ట్‌వేర్ తేవడంతో బంధం చెడింది, 2009 ఆగస్టులో ఆయన బోర్డు నుంచి తప్పుకున్నారు. ఆండ్రాయిడ్ తమ సొత్తు దొంగిలించి చేసినదని, దాన్ని నాశనం చేయడానికి ఎంతదాకా అయినా వెళ్తానని ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ మండిపడిన సంగతి ఆయన జీవిత చరిత్రలో నమోదైంది.

2011 ఏప్రిల్‌లో ఆపిల్ కోర్టుకెక్కింది. దావా వేసింది గూగుల్ మీద కాదు, ఆండ్రాయిడ్ ఫోన్లు చేసే శామ్‌సంగ్ మీద. మరుసటి ఏడాది ఆగస్టులో కాలిఫోర్నియాలోని శాన్ హోసే జ్యూరీ దాదాపు 105 కోట్ల డాలర్ల పరిహారం చెల్లించాలని శామ్‌సంగ్‌కు చెప్పింది. అదే ఏడాది లండన్ న్యాయమూర్తి కొలిన్ బర్స్ పూర్తిగా భిన్నమైన తీర్పిచ్చారు. శామ్‌సంగ్ ట్యాబ్లెట్లు ఐప్యాడ్ అంత ఆకర్షణీయంగా లేవు కాబట్టి కాపీ అనలేమన్నది ఆ తీర్పులోని తర్కం. శామ్‌సంగ్ కాపీ కొట్టలేదని ఆపిలే తన వెబ్‌సైట్లో ప్రకటన పెట్టాలని కూడా ఆదేశించారు. ఆపిల్ దానికి తన సొంత వాక్యాలు జోడించి పెడితే, అప్పీలు కోర్టు మందలించి మళ్ళీ రాయించింది. రెండు తీర్పులూ రెండు వర్గాల అభిమానులకు చెరో ఆయుధమయ్యాయి. అమెరికా కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళివచ్చి, 2018 మే నెలలో మరో జ్యూరీ 53.9 కోట్ల డాలర్లుగా పరిహారం ఖరారు చేశాక, ఆ జూన్‌లో కంపెనీలు రాజీపడ్డాయి.

ఈ వ్యాజ్యాల గొడవలో అభిమానులు అంతగా పట్టించుకోని సంగతి ఒకటుంది. 2010 నుంచి 2013 దాకా ఐఫోన్లలో వాడిన ఎ4, ఎ5, ఎ6, ఎ7 చిప్పుల్ని తయారుచేసింది శామ్‌సంగ్ ఫ్యాక్టరీలే. 2017లో వచ్చిన ఐఫోన్ టెన్‌కు ఓఎల్ఈడీ తెర అందించిందీ శామ్‌సంగే. కోర్టులో వాదులాడుకున్న కంపెనీలు అదే సమయంలో బిల్లులు ఇచ్చిపుచ్చుకున్నాయి.

ఈ పోరును మనుషుల మధ్యకు తెచ్చింది మాత్రం ఒక ప్రకటన. 2011 నవంబరులో శామ్‌సంగ్ అమెరికా టీవీల్లో ఓ వాణిజ్య ప్రకటన మొదలుపెట్టింది. కొత్త ఫోన్ కోసం దుకాణం ముందు గంటల తరబడి నిలబడ్డ జనం, పక్కన వెళ్తున్నవాడి చేతిలో శామ్‌సంగ్ గెలాక్సీ ఫోన్ చూసి నోరెళ్ళబెడతారు. అంతకుముందు ఆపిల్ సైతం తన ప్రకటనల్లో విండోస్ కంప్యూటర్లను వెక్కిరించింది. శామ్‌సంగ్ ఇంకో అడుగు వేసి, ఎదుటి కంపెనీ వస్తువును వదిలేసి ఎదుటి కొనుగోలుదారుణ్ణి వెక్కిరించింది. ఆ క్షణం నుంచి ఫోన్ మీది వ్యాఖ్య మనిషి మీది వ్యాఖ్య అయింది. అభిమానులు అదే బాణీ అందుకున్నారు.

అలా వెక్కిరించిన మాటలు ఎన్నాళ్ళు నిలిచాయో చూస్తే చరిత్ర ఇంకా స్పష్టమవుతుంది. చేతిలో ఇమడని పెద్ద ఫోన్లను ఎవరూ కొనరని 2010లో స్టీవ్ జాబ్స్ తేల్చేశారు. 2011లో శామ్‌సంగ్ 5.3 అంగుళాల గెలాక్సీ నోట్ తెస్తే ఐఫోన్ అభిమానులు నవ్వారు. 2014లో ఆపిలే 5.5 అంగుళాల ఐఫోన్ 6 ప్లస్ విడుదల చేసింది. 2016లో ఆపిల్ ఇయర్‌ఫోన్ రంధ్రం తీసేస్తే శామ్‌సంగ్ వేళాకోళం చేసింది, 2019లో నోట్ 10లో తానూ తీసేసింది. 2020లో ఐఫోన్ 12 పెట్టెలో చార్జర్ లేకపోతే, మా ఫోన్‌తో చార్జర్ వస్తుందని శామ్‌సంగ్ ఓ పోస్టులో గొప్పగా చెప్పుకుంది. కొద్ది నెలలకే, 2021 జనవరిలో వచ్చిన ఎస్21 పెట్టెలో చార్జర్ లేదు. పాత పోస్టును కంపెనీ అప్పటికే తొలగించింది. దాన్ని నమ్మి వాదించిన అభిమానుల మాటలు మాత్రం ఎక్కడివక్కడే మిగిలాయి.

మన దేశంలో ఈ పోరుకు ఊపు తెచ్చింది చైనా కంపెనీలు. ఐఫోన్ 2008 ఆగస్టులోనే ఇక్కడికి వచ్చినా, 8 జీబీ ఫోన్ ధర 31,000 రూపాయలు. అది కొద్దిమంది వ్యవహారం. 2014 జులైలో షావోమీ మి 3ని 13,999 రూపాయలకు ఫ్లిప్‌కార్ట్‌లో పెట్టాక కథ మారింది. వారం వారం జరిగిన ఆ అమ్మకాల్లో సరుకు క్షణాల్లో అయిపోయేది. దొరికినవాడు విజేత, దొరకనివాడు మళ్ళీ మంగళవారం కోసం కాచుకునేవాడు.

షావోమీకి అభిమానుల విలువ మొదట్నుంచీ తెలుసు. 2010లో లే జున్ కంపెనీ పెట్టినప్పుడు చేతిలో ఫోన్ లేదు, ఎంఐయూఐ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. వందమంది ఔత్సాహికులు దాన్ని తమ ఫోన్లలో వేసుకుని లోపాలు చెప్పారు. వారం వారం మార్పులు చేసి మళ్ళీ వాళ్ళకే ఇచ్చారు. 2011లో సొంత ఫోన్ వచ్చేసరికి దాని వెనుక ఓ దండు తయారుగా ఉంది. తన శ్రమ కలిసిన వస్తువు మీద మనిషికి మమకారం సహజం.

మరో చైనా కంపెనీ వన్‌ప్లస్ దారి ఇంకా తీవ్రం. డబ్బు పెట్టినా ఆహ్వానం లేనిదే ఫోన్ ఇచ్చేది కాదు. 2014 ఏప్రిల్‌లో అది ఓ పోటీ ప్రకటించింది: ఎంపికైన వందమంది తమ పాత ఫోన్‌ను పగలగొట్టి వీడియో తీస్తే ఒక్క డాలరుకే వన్‌ప్లస్ వన్. పగలగొట్టాల్సిన ఫోన్ల జాబితాలో ఐఫోన్లూ గెలాక్సీలూ ఉన్నాయి. కొందరు ఎంపిక కాకముందే ఆత్రంగా పగలగొట్టేసి వీడియోలు పెట్టారు. విమర్శలు వచ్చాక, పగలగొట్టే బదులు దానం చేయవచ్చని కంపెనీ నిబంధన మార్చింది. ఒక వ్యాపార సంస్థ చెప్పిందని పనిచేస్తున్న ఫోన్‌ను సుత్తితో కొట్టిన ఆ ఘటన కంటే ఈ చరిత్రలో విచారకరమైన అధ్యాయం లేదు.

ఆ తర్వాతి ఏడాది పోరులోకి తెలుగు నేల వచ్చింది. 2015 ఆగస్టులో విశాఖపట్నంలో షావోమీ రెడ్‌మి 2 ప్రైమ్‌ను విడుదల చేసింది. షావోమీ భారత్‌లో తయారుచేయించిన మొదటి ఫోన్ అది. తయారైన చోటు అప్పటి చిత్తూరు జిల్లాలోని శ్రీసిటీ, తయారుచేసింది ఫాక్స్‌కాన్. ఐఫోన్లను బిగించే ఫాక్స్‌కానే ఇది కూడా. వన్‌ప్లస్ 2019లో హైదరాబాద్‌లో పరిశోధన కేంద్రం తెరిచింది. అభిమానులు ఎటు నిలబడి తిట్టుకున్నా, రెండు వైపుల ఫోన్ల వెనుకా ఒకే తీరు చేతులు పనిచేస్తున్నాయి.

2017 చివరి మూడు నెలల్లో షావోమీ భారత మార్కెట్లో శామ్‌సంగ్‌ను దాటి మొదటి స్థానానికి వచ్చిందని కౌంటర్‌పాయింట్ అనే పరిశోధన సంస్థ లెక్క తేల్చింది. అభిమానులు దీన్ని ఎన్నికల ఫలితంలా పంచుకున్నారు. 2018లో రియల్‌మీ రంగంలో దిగింది. రెండు కంపెనీల భారత అధిపతులు, షావోమీ మను కుమార్ జైన్, రియల్‌మీ మాధవ్ సేఠ్, ట్విటర్లో బాహాటంగా ఒకరినొకరు దెప్పిపొడుచుకుంటుంటే వెనుక దండులు ఊరుకుంటాయా? కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్ళు, చార్జింగ్ ఎన్ని వాట్లు, గేమింగ్‌లో ఎంత వేడెక్కుతుంది అన్నవి వీధి చర్చలయ్యాయి. ఆ వేడిలో చాలామంది ఒక చుట్టరికం మరిచారు. ఒప్పో, వివో, వన్‌ప్లస్, రియల్‌మీ నాలుగింటి మూలాలూ చైనాలోని బీబీకే అనే ఒకే కంపెనీలో ఉన్నాయి. ఒప్పో అభిమానిని వన్‌ప్లస్ అభిమాని తక్కువగా చూస్తున్న రోజుల్లోనే, 2021లో ఆ రెండు కంపెనీలు సాఫ్ట్‌వేర్‌ను ఒకటి చేస్తున్నట్టు ప్రకటించాయి.

ఫోన్ జెండా ఒక్కోసారి దేశపు జెండా కూడా అయింది. 2019 నూతన సంవత్సర శుభాకాంక్షలు చైనా ఫోన్ల కంపెనీ హువావే అధికారిక ట్విటర్ ఖాతా నుంచి వెలువడ్డాయి. పంపింది ఐఫోన్ నుంచి అని కింద స్పష్టంగా కనబడింది. ఇద్దరు ఉద్యోగులకు హోదా తగ్గించి జీతం కోశారు. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్‌బాబుతో సహా 20 మంది భారత సైనికులు అమరులయ్యాక మన దగ్గర చైనా ఫోన్ల బహిష్కరణ పిలుపులు మిన్నంటాయి. షావోమీ తన దుకాణాల బోర్డులను ‘మేడ్ ఇన్ ఇండియా’ బ్యానర్లతో కప్పింది. ఆ కోపం వెనుక నిజమైన దుఃఖం ఉంది. అయినా అందుబాటు ధరలో మరో దారి కనబడక చాలామంది చైనా ఫోన్లే కొంటూ వచ్చారు.

ఇంత జరిగినా అభిమానం మొత్తం వృథా అనడం అన్యాయం. కంపెనీలు చేయని పనిని అభిమానులు చేసిన సందర్భాలు ఈ చరిత్రలో గట్టిగా ఉన్నాయి. 2009లో స్టీవ్ కొండిక్ అనే ప్రోగ్రామర్ మొదలుపెట్టిన సైనోజన్‌మాడ్ సాఫ్ట్‌వేర్ ఔత్సాహికుల చేతుల్లో పెరిగి, కంపెనీలు వదిలేసిన ఎన్నో పాత ఫోన్లకు కొత్త ఆండ్రాయిడ్ అందించింది. 2017 డిసెంబరులో, బ్యాటరీ పాతబడిన ఐఫోన్లను ఆపిల్ సాఫ్ట్‌వేర్‌తో నెమ్మదింపజేస్తోందన్న విషయం బయటపడింది ఐఫోన్ వాడేవాళ్ళు చేసిన పరీక్షల వల్లే. ఆపిల్ క్షమాపణ చెప్పి, అమెరికాలో బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29 డాలర్లకు తగ్గించింది. వన్‌ప్లస్ సాఫ్ట్‌వేర్ విలీనం మీద దాని సొంత అభిమానులే తిరగబడ్డారు, 2022లో కంపెనీ ఆ ఆలోచన విరమించుకుంది. ఈ మూడు సందర్భాల్లోనూ ఫలితం వచ్చింది ఎదుటి పక్షాన్ని తిట్టినందుకు కాదు, సొంతంగా పనికి దిగినందుకు, తమ కంపెనీని నిలదీసినందుకు.

పోటీ వల్ల మేలు జరిగిన మాట కూడా నిజం. ఒకప్పుడు రెండేళ్ళతో ఆగిపోయే ఆండ్రాయిడ్ అప్‌డేట్లను 2023 అక్టోబరులో గూగుల్ పిక్సెల్ 8కి ఏడేళ్ళు చేసింది. మూడు నెలలకే శామ్‌సంగ్ ఎస్24కి అదే మాట ఇచ్చింది. 

హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌లో రిపేరు బల్లల మీద ఐఫోన్, గెలాక్సీ, రెడ్‌మి పక్కపక్కనే విప్పి ఉంటాయి. తెర పగిలితే, బ్యాటరీ ఉబ్బితే ఏ కంపెనీ అభిమానికైనా నొప్పి ఒకటే. కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో రిపేరు హక్కు పోర్టల్ ప్రారంభించింది. కంపెనీలు విడిభాగాల సంగతీ, వారంటీ సంగతీ కొనేవారికి తెలియజేయాలన్నది దాని లక్ష్యం. ఈసారి ఫోన్ గురించి వాదన మొదలైతే ఎవరి కెమెరా గొప్పదో అక్కడితో వదిలేయండి. మీ ఫోన్‌కు అప్‌డేట్లు ఎన్నేళ్ళు వస్తాయో, మీ ఊళ్ళో సర్వీసు సెంటర్ ఉందో లేదో, బ్యాటరీ మార్పించడానికి ఎంత అవుతుందో మీరు కొన్న కంపెనీనే అడగండి. జవాబు రాకపోతే వచ్చేదాకా అడగండి.