పెళ్ళికూతురేదీ?

నలుగురితో నారాయణా అనడం మనకి ఉగ్గుపాలనాటి అలవాటు. ఆ నలుగురూ విడివిడిగా తెలివైనవాళ్ళే. ఒక్క అరుగుమీద చేరారంటే మాత్రం ఆ తెలివి ఎటు పోతుందో! విజయనగరం మహారాజా కాలేజీలో చదివి, 1886లో బి.ఏ. పట్టా పుచ్చుకుని, అక్కడే పాఠాలు చెప్పిన గురజాడ అప్పారావుగారికి ఈ వింత బాగా తెలుసు.

ఆడపిల్లకి డబ్బు పుచ్చుకుని పెళ్ళిచేసే ఆచారం మీద ఆ రోజుల్లో వాదాలకేం, కావలసినన్ని. మహారాజా ఆనందగజపతిగారు ఏకంగా జాబితాయే తయారుచేయించారు. విజయనగరం కూడా కలిసివున్న అప్పటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో తేలిన బ్రాహ్మణ శుల్కవివాహాలు 1034. అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు 6. ఏడాది పిల్లలు ముగ్గురు! ఉయ్యాల్లోని ఆ పసిగుడ్డుల ధర తలకి 350 నుంచి 400 రూపాయలు. 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' పీఠికలో ఉన్నాయీ అంకెలు. పుచ్చుకున్నామని ఒప్పుకోడానికి జనం జంకారట, కనక ఇదీ పూర్తి లెక్క కాదు.

ఇక నాటకంలోకి రండి. ముసలివాడికి కట్టబెట్టిన పెద్దకూతురు బుచ్చమ్మ విధవై కళ్ళెదుటే తిరుగుతోంది. అయినా అగ్నిహోత్రావధాన్లుగారు రెండోపిల్ల సుబ్బిని లుబ్ధావధాన్లు అనే మరో ముసలాయనకి కుదిర్చారు. ఇంతకంటె రుజువేం కావాలండీ? తల్లి వెంకమ్మ చెబితే అది వాదన కాదు, ఆడవాళ్ళ ఏడుపు! ఆవిడ నుయ్యే దిక్కనుకుంది.

అప్పుడు ఆవిడ తమ్ముడు కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి, చవగ్గా పిల్లనిస్తానని ఆ ముసలాయనకే కట్టబెట్టాడు. కొన్నాళ్ళకి పెళ్ళికూతురు మాయం. కొందరికి అది దయ్యమట! తక్కినవాళ్ళు తర్కం తీశారు: పిల్ల కనబడలేదు, ఇల్లు ముసలాడిది, కనక చంపేశాడు. వింటే ఎంత సబబుగా ఉందో! పోలీసులొచ్చారు, కేసు విశాఖపట్నం దాకా పోయింది. అసలు పెళ్ళికూతురన్న మనిషే లేదు కదా. పందిట్లో విస్తళ్ళు వేయించుకుని తిన్న వాళ్ళలో, ఈ పిల్ల ఎవరి పిల్ల అని గట్టిగా ఆరా తీసిన పెద్దమనిషి ఒక్కడుంటే ఒట్టు.

ముడి విప్పింది మధురవాణి. ముసలాయన తరపున పాటుపడుతున్న సౌజన్యారావుపంతులు నిజంగా మంచివాడు, చదువుకున్నవాడు, న్యాయం తెలిసినవాడు. కాని వేశ్య ముఖం చూడనని ఆయన నియమం. మంచివాళ్ళ నియమాలు కూడా ఒక్కోసారి ఎంత కొంప ముంచుతాయో చూశారా? ఆయనకి కావలసిన సాక్ష్యమేమో సరిగ్గా ఆవిడ దగ్గరే ఉంది.

ఆడదానిగా వెళితే ఆ గుమ్మం తొక్కనివ్వరని ఆవిడకి తెలుసు. అంచేత మగవేషం వేసుకుని వెళ్ళింది.