పదమూడు ఓటముల కోచ్

ఇలా దగ్గరికి జరగండర్రా, చలిగా ఉంది. ఒక్క ఆట పోయేసరికి కోచ్‌ని సాగనంపాలి, క్వార్టర్‌బ్యాక్‌ని మార్చాలి అంటున్నారు గదా. మన పిట్స్‌బర్గ్ ఆ రోజుల్లో ఆ పనే చేసి ఉంటే ఏం పోగొట్టుకునేదో చెప్తా, వినండి.

నేను ఈ ఊరొచ్చిన కొత్తలో నది ఒడ్డున ఎటు చూసినా ఉక్కు మిల్లులే. వారమంతా ఒళ్లు హూనం చేసుకున్న వాళ్లకు ఆదివారం స్టీలర్స్ ఫుట్‌బాల్ ఆటే పండగ. గెలుపు మాత్రం ఎండమావే. ఆర్ట్ రూనీ గారు 1933లో పెట్టిన జట్టు, దగ్గర దగ్గర 40 ఏళ్లు ఒక్క ప్లేఆఫ్ ఆటా గెలవలేదు. కోచ్‌లు వచ్చేవాళ్లు, పోయేవాళ్లు.

1969లో చక్ నోల్‌ని తెచ్చారు. 37 ఏళ్ల మనిషి. మొదటి ఆట గెలిచాడు, ఆ తర్వాత వరసగా 13 ఓడాడు. అయినా రూనీలు ఆయన్ని కదిలించలేదు. నోల్ పాతవాళ్లను ఒక్కొక్కరినే తప్పిస్తూ, కాలేజీల నుంచి కుర్రాళ్లను ఏరి తెచ్చుకుంటున్నాడు. వాళ్లలో ఒకడైన జో గ్రీన్ వచ్చింది ఆ మొదటి ఏడాదే.

1970 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కాలేజీ కుర్రాళ్లను ఎంచుకునే చోట, అందరికంటే ముందు పిలిచిన పేరు క్వార్టర్‌బ్యాక్ టెర్రీ బ్రాడ్‌షా. మంచి బలమున్న చెయ్యి. తొలి ఏడాది టచ్‌డౌన్ పాస్‌లు 6, ఎదుటివాళ్లు లాక్కున్నవి, అంటే ఇంటర్‌సెప్షన్లు, 24! స్టేడియంలో జనం అరిచారు, బుర్ర లేనివాడన్నారు. ఆ మాటలు వింటే నాకు ప్రాణం చివుక్కుమనేది.

క్వార్టర్‌బ్యాక్ పనేమిటో ఆలోచించండి. బంతి చేతికొచ్చాక రెండు మూడు సెకన్లు. ఎదుటి జట్టు ఎటు కదులుతోందో చూడాలి, తనవాడు ఎక్కడికి చేరతాడో ఊహించాలి, మీదికొచ్చేవాళ్లను తప్పించుకోవాలి. కోచ్ మారితే ఎత్తులు మారతాయి, వాటి పేర్లూ మారతాయి. కుర్రాడు మళ్లీ మొదటికొస్తాడు. నారు ఒకసారి పీకి నాటితే ఏపుగా పెరుగుతుంది. మాటిమాటికీ పీకితే వేరు పట్టేదెప్పుడు?

అట్లాగని నోల్ గారాబం చెయ్యలేదు. 1974 సీజన్ మొదట్లో బ్రాడ్‌షాని పక్కన కూర్చోబెట్టి ఇంకో క్వార్టర్‌బ్యాక్ జో గిలియమ్‌ని ఆడించాడు. కూర్చోబెట్టాడు గానీ వదిలించుకోలేదు. మధ్యలో మళ్లీ పిలిచాడు. అది బ్రాడ్‌షాకి ఐదో సీజన్. 1975 జనవరిలో మిన్నెసోటాని 16-6తో ఓడించి మొదటి సూపర్ బౌల్ తెచ్చారు. 1976లో పెన్ హిల్స్‌లో మనవాళ్లు వెంకన్న గుడి పని మొదలుపెట్టే నాటికి రెండోదీ వచ్చేసింది. మొత్తం ఆరు సీజన్లలో నాలుగు! అప్పటికే మిల్లులు మూతపడటం మొదలైంది. ఉద్యోగాలు పోయిన ఇళ్లలో కూడా తల ఎత్తుకు తిరిగే ధైర్యం ఆ జట్టే ఇచ్చింది.

ఆ తర్వాత నోల్‌కి మళ్లీ సూపర్ బౌల్ దక్కలేదు. 1989 మొదటి ఆటలో, సొంత మైదానంలోనే, క్లీవ్‌లాండ్ చేతిలో 51-0తో ఓడారు. పని అయిపోయిందన్నారు జనం. ఆ జట్టునే ఆ ఏడాది ప్లేఆఫ్‌కి తీసుకెళ్లి, హ్యూస్టన్‌లో గెలిపించాడు. 23 సీజన్లు చేసి, 1991 సీజన్ అయ్యాక తనంతట తానే దిగాడు. ఆయనతో మొదలుపెట్టి 2025 దాకా ఈ జట్టుకు హెడ్ కోచ్‌లు ముగ్గురంటే ముగ్గురే: నోల్, బిల్ కౌవర్, మైక్ టామ్లిన్. పక్కనే ఉన్న క్లీవ్‌లాండ్ 1999 నుంచి 40 మందికి పైగా క్వార్టర్‌బ్యాక్‌లను మార్చింది, ఒక్క సూపర్ బౌల్ మెట్టూ ఎక్కలేదు.

కాబట్టి తీసెయ్యమని అరిచే ముందు ఒక్కటి చూడండి. కుర్రాడు నిరుటి తప్పే చేస్తున్నాడా, కొత్త తప్పు చేస్తున్నాడా? కొత్త తప్పు చేస్తున్నాడంటే పాతది దిద్దుకున్నాడన్నమాట. వాడికి ఇంకో ఏడాది ఇవ్వండి. పాత తప్పే అయితే పక్కన కూర్చోబెట్టండి. కానీ మళ్లీ వచ్చే దారి మాత్రం మూసెయ్యకండి.