శుక్రవారము, ఆదివారము, అంగడి దినము

మంజీరానదికి పశ్చిమమున, తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ నాలుగును ఒకే వీథిలో వినవచ్చు బిచ్కుందలో, వారమునకు విరామదినమేదని అడిగినచో, అడిగిన కాలమును బట్టియు, చెప్పువాని వృత్తిని బట్టియు ఉత్తరము మారుచుండెను.

నిజాము ప్రభుత్వమున కచేరీలకు శుక్రవారము సెలవు. 1948 సెప్టెంబరులో సంస్థానము భారతదేశమున చేరిన పిమ్మట ఆ సెలవు ఆదివారమునకు జరిగినది. ఆదివారము మాత్రము మనకు అనాదిసిద్ధమా? బొంబాయి మిల్లు కూలీలకు అది నారాయణ మేఘాజీ లోఖండే నడిపిన ఆందోళన ఫలితముగా 1890 జూన్ 10న గాని లభింపలేదు. అంతకు ఎన్నో శతాబ్దములకు పూర్వము, క్రీ.శ. 321లో, రోమక చక్రవర్తి కాన్‌స్టంటైను ఆదివారమున న్యాయస్థానములును పట్టణములలోని పనివారును విశ్రమింపవలెనని శాసించుచు, సేద్యగాండ్రకు మాత్రము ఆ నిర్బంధము లేదనెను. అదను తప్పిన విత్తు మరల దొరకదని ఆయన యెరిగియుండెను కాబోలు!

మరి సేద్యగానికి తీరిక ఎచటిది? నదికి ఆవలి యొడ్డున బాన్సువాడ, బోధను ప్రాంతములకు 1931లో పూర్తియైన నిజాంసాగరు కాలువ వరిని, చెరకును తెచ్చెను. ఈవలి నల్లరేగడి చేలు మాత్రము వానను నమ్ముకొని జొన్న, పెసర, మినుము, కంది పండించుచు, ఎద్దుల బలముమీదనే నిలిచినవి. బసవేశ్వరుడు సంచరించిన కల్యాణము ఇచటికి దూరదేశము కాదు; వీరశైవ సంప్రదాయము ఈ సీమలో గాఢముగా వేరూనినది. ఆ సంప్రదాయమును పాటించు కర్షకులు, నంది స్వరూపమను భావముచేత, సోమవారము ఎద్దుమెడపై కాడి మోపరు. పశువునకు దక్కిన విశ్రాంతియే యజమానునకును దక్కెను. ఏ సర్కారు ఫర్మానాయును ప్రకటింపని ఈ సెలవు నా దృష్టిలో శుక్ర, ఆదివారములు రెండింటికంటెను గౌరవనీయమైనది.

విశ్రాంతి వేరు, ఉల్లాసము వేరు. ఉల్లాసమునకు అంగడి కలదు. వారమునకొకమారు చుట్టుపట్టు గ్రామములనుండి బండ్లమీదను కాలినడకను వచ్చి, తెచ్చిన గింజలను అమ్ముకొని, ఉప్పు, మిరప, బెల్లము కొనిన తరువాత, ప్రొద్దు వాలుటకు ముందు మిగులు ఒకటి రెండు గంటలు ఎవరికిని లెక్క చెప్పనక్కరలేనివి. వేడి మిరపకాయ బజ్జీలు, కొంగున మూటకట్టిన పుట్నాలు, పిల్లవానికొక పీక, ఆడుబిడ్డ యూరినుండి వచ్చినవారితో నిలువుకాళ్లమీద మాటలు. వియ్యములు కుదిరినదియు, పాలివారి తగవులు సగము చల్లారినదియు ఈ గడియలలోనే. జాతర వచ్చెనా, ఈ ఆనందమునకే కుస్తీ తోడగును: కొబ్బరికాయ పందెముతో పసివారు మొదలిడిన పట్టులు వెండి కడియముకొరకు పెనుగులాడు మల్లులతో ముగియును, మరాఠీ పహిల్వాను గెలిచినను తెలుగువాడు ఈల వేయును.

ఇట్టి నేలకు సరిహద్దులు గీయుట కార్యాలయములకు సులభము కాలేదు. 1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్విభజనమున నాందేడు జిల్లా బొంబాయి రాష్ట్రమునకు పోవుచుండగా, దేగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కలు సర్కిళ్లను విడదీసి ఆంధ్రప్రదేశమున నిజామాబాదు జిల్లాలో కలిపిరి. 2016లో అవి నిజామాబాదును వీడి కామారెడ్డి జిల్లాలో చేరినవి. దస్త్రములలో ఊరి చిరునామా ఇట్లు మారుచున్నను, గీతకు ఆవలివారును ఈవలివారును ఒండొరుల అంగళ్లకు పోవుట మానలేదు.

సంస్థానపు రాజ్యాంగచరిత్రము వ్రాసినవారు పలువురు. దాని తీరికల చరిత్రము వ్రాసినవారు అరుదు. శుక్రవారపు బడిసెలవును చూచిన వృద్ధులు ఈ సీమలో ఇంకను కొందరైన ఉందురు. చదువరులలో ఆ ప్రాంతపువారెవరైన నున్నచో, వారి చెంత కూర్చుండి ఆ ముచ్చటలను ఇప్పుడే వ్రాసికొందురు గాక.