వార్సా పంతుళ్ల డైరీలు

1939లో జర్మన్ సేనలు పోలండ్‌లో చొరబడే నాటికి ఛైమ్ కప్లాన్ వార్సాలో ఓ హీబ్రూ బడికి ప్రధానోపాధ్యాయుడు. ఆయనకు ముందునుంచే డైరీ రాసే అలవాటు. యూదులను నిర్బంధించిన గెట్టో చుట్టూ గోడ లేచాక వీధిలో విన్న పుకార్లు, రొట్టె కోసం పడే పాట్లు, జనం వేసుకునే చేదు జోకులు, అన్నీ అందులోకి ఎక్కాయి. పెద్ద చరిత్రకారులు వదిలేసే చిల్లర సంగతులే ఇక్కడ అసలు సరుకు.

ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పిన అబ్రహాం లెవిన్ యిడ్డిష్‌లో రాసేవాడు. 1942 జులైలో జనాన్ని ట్రెబ్లింకా మృత్యు శిబిరానికి తరలించడం మొదలయ్యాక హీబ్రూలోకి మారాడు. ఆగస్టులో ఆయన భార్యనూ పట్టుకుపోయారు. అయినా మర్నాటి డైరీ ఆగలేదు.

ఇలాంటి రాతలను రహస్యంగా కూడబెట్టింది ఇమాన్యుయేల్ రింగెల్‌బ్లూమ్ బృందం. ఆయనా ఒకప్పుడు చరిత్ర పాఠాలు చెప్పినవాడే. వాటిని దాచే బాధ్యత మరో ఉపాధ్యాయుడు ఇజ్రాయెల్ లిఖ్టెన్‌స్టైన్‌ది. ఆ ఆగస్టులోనే నొవొలిప్కి వీధిలోని బడి నేలమాళిగలో, ఇద్దరు కుర్రాళ్ల సాయంతో, పది రేకు పెట్టెల్ని పాతిపెట్టాడు. మరికొన్ని కాగితాలు తర్వాత పాల క్యాన్లలోకి వెళ్లాయి.

పెట్టెలు 1946లో శిథిలాల కింద దొరికాయి. లోపలికి నీళ్లు చేరి చాలా కాగితాలు పాడయ్యాయి. 1950లో బయటపడ్డ రెండు పాల క్యాన్లలోవి మాత్రం చాలావరకు చదవడానికి వీలుగానే ఉన్నాయి.