నష్టం ఎవరిది, పత్రం ఎవరిది? – కంప్యూటింగ్ సదస్సులకు వృత్తిసంఘాల పూచీ

కంప్యూటర్ శాస్త్రంలో కొత్త ఫలితం ముందుగా వెలుగు చూసేది చాలావరకు సదస్సులోనే. అందుకే సదస్సు వెనక ఏ వృత్తిసంఘం నిలబడిందన్నది ఈ రంగంలో చిన్న విషయం కాదు. 1947లో ఏర్పడిన ఏసీఎం, ఐట్రిపుల్‌ఈ కంప్యూటర్ సొసైటీ ఈ బాధ్యత మోస్తున్న పెద్ద సంఘాలు. కంపెనీలిచ్చే విరాళం వేరు, ఈ సంఘాలు ఇచ్చే పూచీ వేరు. హోటల్ ఒప్పందం మీద సంతకం సంఘానిదే. పట్టిపెట్టుకున్న గదులు నిండకపోతే కట్టుకోవాల్సిందీ సంఘమే. నిర్వాహక ప్రొఫెసరు సొంత జేబు తడుముకోనక్కర లేదు. బదులుగా బడ్జెట్‌ను ముందే ఆమోదింపజేసుకోవాలి. అనుకోని ఖర్చులకు కొంత, సంఘం పాలనా వ్యయానికి కొంత కేటాయించాలి. ఇదంతా చివరికి రిజిస్ట్రేషన్ రుసుములోకే చేరుతుంది. ఏసీఎంలో ‘ఇన్-కోఆపరేషన్’ అనే మరో పద్ధతి ఉంది. అందులో సంఘం పేరు దొరుకుతుంది, డబ్బు పూచీ దొరకదు.

ఆ పూచీ విలువ 2020లో తెలిసింది. హొనొలులులో జరగాల్సిన, మనిషికీ కంప్యూటర్‌కూ నడుమ వ్యవహారంపై ఏసీఎం నడిపే సీహెచ్‌ఐ సదస్సు కోవిడ్ వల్ల రద్దయింది. ఇలాంటప్పుడు ఒప్పందాల భారం నిర్వాహకుల మీద కాక సంఘం మీద పడుతుంది. మన దగ్గరి ఉదాహరణ ఐసీఎస్‌ఈ. ఏసీఎం, ఐట్రిపుల్‌ఈ విభాగాలు కలిసి నడిపే ఈ సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ సదస్సు 2014లో తొలిసారి భారతదేశానికి, హైదరాబాద్‌కు వచ్చింది. మే 31న మొదలై జూన్ 7 దాకా సాగింది. ఆ నడుమనే, జూన్ 2న, తెలంగాణ రాష్ట్రం అవతరించింది. ఆ తేదీని కేంద్రం ప్రకటించింది అదే ఏడాది మార్చిలో. ఇంత పెద్ద సదస్సుకు వేదికను అంతకు చాలా ముందే ఖాయం చేసుకోవాలి. అలాంటి అనిశ్చితిని ఒక విశ్వవిద్యాలయ విభాగం ఒంటరిగా తలకెత్తుకోలేదు.

అయితే పూచీతోపాటు పత్రాలూ సంఘం గూటికే చేరేవి. ఎక్కువగా చందా కట్టినవారికే వాటి తలుపు తెరుచుకునేది. నష్టభయం మోసినందుకు రుసుములో వాటా అడగడం న్యాయమే. పాఠకుణ్ణి గడప బయట నిలబెట్టడానికి అది కారణం కాజాలదు. పూచీ, ప్రచురణ అనే ఈ రెండు ముళ్లనూ విడదీయవచ్చని గణన జ్యామితి పరిశోధకులు చేసి చూపారు. 1985 నుంచి ఏసీఎం నీడలో నడిచిన ఎస్ఓసీజీ సదస్సు, సభ్యుల ఓటుతో బయటికొచ్చి, 2015 నుంచి జర్మనీలోని డాగ్‌స్టూల్ కేంద్రం నడిపే లిపిక్స్ గ్రంథమాలలో పత్రాలు ప్రచురిస్తోంది. అక్కడ హక్కులు రచయితలవే, చదవడం ఉచితం. కంప్యుటేషనల్ కాంప్లెక్సిటీ సదస్సు కూడా అదే ఏడాది ఐట్రిపుల్‌ఈని వదిలి ఆ దారే పట్టింది.

భారతీయ సంఘం ఐఏఆర్‌సీఎస్ ఈ పని అంతకుముందే చేసిందన్నది తగినంతగా గుర్తించని సంగతి. ఆ సంఘం నడిపే, 1981లో మొదలైన ఎఫ్ఎస్‌టీటీసీఎస్ అనే సైద్ధాంతిక కంప్యూటర్ శాస్త్ర సదస్సు 2008లోనే లిపిక్స్‌కు మారింది. హైదరాబాద్‌లో 2012లో, మళ్లీ 2023లో జరిగిన సమావేశాల పత్రాలను ఎవరైనా పైసా కట్టకుండా చదువుకోవచ్చు.

చిన్న సదస్సుకు సాధ్యమైనది వేలమంది వచ్చే సదస్సుకు సాధ్యం కాదన్న వాదనలో బలముంది. పెద్దవాటికి పూచీదారు కావాలి. ఏసీఎం కూడా 2026 జనవరి నుంచి తన పత్రాలను అందరికీ తెరిచింది. కానీ భారం పాఠకుడి మీది నుంచి రచయిత వైపు జరిగింది: రాయితీలున్నా, ఏసీఎం ఒప్పందంలో చేరని సంస్థల రచయితలు సాధారణంగా పత్రానికి రుసుము కట్టాలి. జిల్లాలోని ఇంజినీరింగ్ కళాశాల అధ్యాపకురాలికి ప్రయాణం, రిజిస్ట్రేషన్‌ల మీద ఇది మూడో ఖర్చు. ప్రచురణకెంత, పూచీకెంత, పాలనకెంత అన్నది ప్రతి సదస్సూ తన బడ్జెట్‌లో విడివిడిగా చూపితే, ఏది తగ్గించమని అడగాలో ఆమెకు తెలుస్తుంది.