వేలంలో ఇల్లు కొంటున్నారా? పాటకు ముందే ఇవి తెలుసుకోండి

పెద్దతిప్పసముద్రం: బ్యాంకు వేలం ఇల్లంటే సగం ధరకే వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. కానీ వేలంపాట ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే జరుగుతోంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో ఉన్న ఇంటికి బెంగళూరు నుంచైనా పాట పాడొచ్చు. పోటీదారులు పెరిగితే ధర మార్కెట్ రేటు దాకా వెళ్లిపోతుంది.

వేలం దాకా ఎలా వస్తుంది?
2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం, అప్పు మొండిబకాయిగా మారాక బ్యాంకు 60 రోజుల నోటీసు ఇస్తుంది. అప్పటికీ కట్టకపోతే ఇంటిని స్వాధీనం చేసుకుంటుంది. మొదటిసారి వేలానికి 30 రోజులు, మళ్లీ వేలం వేస్తే 15 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. వ్యవసాయ భూములకు ఈ చట్టం వర్తించదు. ప్రభుత్వ రంగ బ్యాంకుల వేలాల వివరాలు 'బ్యాంక్‌నెట్' పోర్టల్‌లో ఉంటాయి.

డబ్బు ఎప్పుడు కట్టాలి?
ఉదాహరణకు రిజర్వు ధర రూ.40 లక్షలు అనుకుందాం. సాధారణంగా 10 శాతం, అంటే రూ.4 లక్షలు ముందే ధరావతు కట్టాలి. పాట రూ.46 లక్షలకు ఖరారైతే అందులో 25 శాతం, అంటే రూ.11.5 లక్షలు అదే రోజు లేదా మరుసటి పనిదినానికి పూర్తి చేయాలి. ధరావతు ఇందులోనే కలుస్తుంది. మిగతా రూ.34.5 లక్షలకు గడువు అమ్మకం ఖరారైన 15 రోజులే. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే గరిష్ఠంగా 3 నెలలు.

గడువు దాటితే?
కట్టిన 25 శాతం పోయినట్టే. హోమ్ లోన్ రాలేదన్న కారణం చెప్పినా, ఆ సొమ్మును బ్యాంకు జప్తు చేసుకోవచ్చని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అందుకే లోన్ సంగతి పాటకు ముందే తేల్చుకోవాలి.

పాటకు ముందు ఇవి చూడండి
* సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయించాలి.
* ఇంటి పన్ను, కరెంటు బకాయిలు ఎంతున్నాయో కనుక్కోవాలి. 'ఉన్నది ఉన్నట్టుగా' అమ్మితే ఆ భారం కొన్నవారిపైనే పడొచ్చు.
* ఇల్లు ఖాళీగా ఉందా, బ్యాంకుది కాగితాల మీద స్వాధీనమేనా అన్నది అడగాలి. లోపల మనుషులుంటే ఖాళీ చేయించడానికి నెలలు పట్టొచ్చు.
* రుణ వసూలు ట్రిబ్యునల్‌లో కేసు ఉందేమో ఆరా తీయాలి.

చాలా వేలాల్లో చివరి నిమిషాల్లో పాట పడితే సమయం మరికాస్త పెరుగుతుంది. పట్టుదలకు పోయి పాడేది అక్కడే. ఎంతవరకు వెళ్లాలో ముందే రాసిపెట్టుకుని, అది దాటితే ఆగిపోవడమే మేలు.

పోటీ వల్ల ఇల్లు పోగొట్టుకున్న కుటుంబానికి మాత్రం కాస్త ఊరట. అప్పు, ఖర్చులు పోగా మిగిలిన సొమ్మును బ్యాంకు హక్కుదారులకు తిరిగి ఇవ్వాల్సిందే.